మదర్‌బోర్డు పోలేదు: పర్లాకిమిడిలో ఒక కంప్యూటర్ రిపేరు కొట్టు

ఈ కొట్టుకి నేను ఇస్తున్నది నాలుగు స్టార్లే. అయిదోది ఎందుకు ఇవ్వలేదో తర్వాత చెబుతాను. నాలుగు ఎందుకిచ్చానో చెప్పాలంటే మా ఇల్లు మారిన కథంతా చెప్పాలి, అది కాస్త పెద్దదే. ఓపిక లేనివాళ్ళు ఇంతమట్టుకు చదివి వెళ్ళిపోవచ్చు: ఇల్లు మారాక కంప్యూటర్ ఆన్ కాకపోతే, ఎవరో "మదర్‌బోర్డు పోయింది" అన్నారని కొత్తది కొనేయకండి. బజారు వెనక సందులో, కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు పక్కన, మేడమెట్ల కింద చిన్న గది ఉంటుంది. బోర్డు మీద పైన పెద్దగా ఒడియాలో, కింద చిన్నగా తెలుగులో రాసి ఉంటుంది. ముందు అక్కడ చూపించండి.

నేను ఇంట్లోనే డీటీపీ, అంటే కంప్యూటర్లో అచ్చుకి కంపోజింగు, చేస్తాను. శుభలేఖలు, ఒడుగు పత్రికలు, దినం కార్డులు, బిల్లు పుస్తకాలు, అప్పుడప్పుడు గుడి చందా రసీదులు. ఇరవై ఏళ్ళు దాటింది. ఈ వైపు కార్డంటే చాలామందికి ఒక పక్క తెలుగు, రెండో పక్క ఒడియా ఉండాలి. గిడుగు రామమూర్తి పంతులు గారు బడిపంతులుగా పనిచేసిన ఊరిది. వాడుక భాష కోసం ఆయన అంత పోరాడారు గానీ శుభలేఖ దగ్గర మాత్రం ఓడిపోయారనే చెప్పాలి. "తామెల్లరు సకుటుంబ సపరివార సమేతముగా విచ్చేసి" అని లేకుండా "మీరంతా రండి" అని కంపోజ్ చేస్తే పెళ్ళివారు నాకు డబ్బులివ్వరు.

నా కంప్యూటర్ 2013లో అసెంబుల్ చేయించింది. ఐ3 ప్రాసెసర్, నాలుగేసి జీబీల ర్యామ్ ముక్కలు రెండు, 500 జీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 7. నవ్వకండి. విండోస్ 7ని మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14తో వదిలేసిందని నాకూ తెలుసు. కానీ నా పనంతా పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్‌లోనే. దాని ఆఖరి వెర్షన్ వచ్చింది 2001లో. తెలుగుకి అను ఫాంట్లు, ఒడియాకి ఆకృతి ఫాంట్లు. ఇవి యూనికోడ్ కావు. ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో నా ఫైలు తెరిస్తే "చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి" ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలూ, డాలరు గుర్తులూ, కామాలూ కనిపిస్తాయి. అందుకని "పాతది పడేసి కొత్తది కొనుక్కో" అని మా అబ్బాయి ఫోన్లో చెప్పినంత తేలిక కాదు నాకు.

మేం పాతపట్నంలో అద్దెకుండేవాళ్ళం. అత్తగారి పాత ఇల్లు పర్లాకిమిడిలో ఖాళీగా ఉంది. ఆవిడకి ఒంట్లో ఓపిక తగ్గింది, "నా గడపలోకే పోదాం" అంటూంటే సరేనన్నాం. ఆటోలో పావుగంట దారి, కానీ మధ్యలో రాష్ట్రం మారిపోతుంది. 1936లో ఒరిస్సా వేరైనప్పుడు పర్లాకిమిడి ఒరిస్సాలోకి వెళ్ళింది, పాతపట్నం ఆంధ్ర వైపు ఉండిపోయింది. మా చుట్టాలు సగం అటు, సగం ఇటు.

పుష్యమాసం వచ్చేస్తే ఇల్లు మారకూడదని అత్తగారి పట్టు. మార్గశిరం ఇంక మూడు రోజులే ఉంది. అందుకని ఒక్క పూటలో సామానంతా చిన్న వ్యాన్లోకి ఎక్కించాం. మానిటర్ని నేనే బొంతలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. సీపీయూ డబ్బాని మాత్రం, ఇనపదే కదా ఏమవుతుందిలే అని, గ్రైండరు రాయికీ బియ్యం బస్తాకీ మధ్య పడుకోబెట్టేశారు. దారంతా గోతులు. ఆ డబ్బా ఎన్నిసార్లు ఎగిరి పడిందో ఆ గ్రైండరు రాయికే తెలియాలి.

మాఘమాసం పెళ్ళిళ్ళ కార్డులన్నీ పుష్యంలోనే అచ్చవ్వాలి. అప్పటికే ఏడు ఆర్డర్లు ఒప్పుకుని ఉన్నాను. మూడు రోజులు సర్దుళ్ళలో పోయాక నాలుగో రోజు పొద్దున్న దేవుడికి దీపం పెట్టి, కంప్యూటర్ బటన్ నొక్కాను. లోపల ఫ్యాన్ తిరిగింది. ముందు లైటు వెలిగింది. మానిటర్లో "నో సిగ్నల్" అని వచ్చి నల్లబడింది. వైర్లు తీసి పెట్టాను, మళ్ళీ అదే. పదిసార్లు నొక్కాను, పదిసార్లూ అదే. అత్తగారు వంటింట్లోంచి "ఓలమ్మా, దాని దిష్టి కూడా తియ్యాలేటి?" అన్నారు. ఆ రోజు నాకు నవ్వు రాలేదు.

మొదట తీసుకెళ్ళిన కొట్టు వేరు. దాని పేరూ ఊరూ రాయను. ఏసీ, గాజు తలుపు, లోపల పెద్ద కౌంటరు. రెండు రోజులు ఉంచుకున్నారు. మూడో రోజు వెళ్తే "మదర్‌బోర్డు పోయింది మేడమ్. ఈ మోడల్ ఇప్పుడు రాదు. బోర్డు మారిస్తే ప్రాసెసర్, ర్యామ్ అన్నీ మార్చాలి" అని 18,500కి ఒక కాగితం రాసిచ్చారు. డబ్బా మూత విప్పిన గుర్తు కూడా లేదు. వెనక స్క్రూల మీద తుప్పు చెక్కు చెదరకుండా అలాగే ఉంది. చూసినందుకు 300 తీసుకున్నారు. ఆ తుప్పు సంగతి ఇంటికొచ్చాక గమనించాను, అక్కడే చూసి ఉంటే అడిగేదాన్ని.

ఇప్పుడు మన సందులో కొట్టు.

గది మహా అయితే ఎనిమిదడుగులు ఉంటుంది. కూర్చోడానికి ఒకే స్టూలు, దాని మీదా ఎవరిదో ప్రింటర్ ఉంది. అతనికి ముప్పై అయిదేళ్ళుంటాయేమో. ఇంట్లో తెలుగు, కొట్లో ఒడియా. రెండూ కలిసిపోయి నన్ను ఒక వాక్యంలో "ఆంటీ" అంటాడు, ఇంకో వాక్యంలో "మాఉసీ" అంటాడు. నేను డబ్బా బల్ల మీద పెట్టగానే స్క్రూడ్రైవర్ తీస్తాడనుకున్నాను. తీయలేదు. అడగడం మొదలెట్టాడు.

"ఇల్లు మారిన ముందురోజు పనిచేసిందా?"

చేసింది. చివరిగా దినం కార్డు ఒకటి ప్రింట్ తీశాను.

"బటన్ నొక్కితే అసలేమీ కదలట్లేదా, తిరిగి రెండు సెకన్లకి ఆగిపోతోందా, లేకపోతే తిరుగుతూనే ఉండి బొమ్మ రావట్లేదా?"

ఈ మూడూ మూడు వేరే జబ్బులట. అసలేమీ కదలకపోతే కరెంటు దారి చూడాలి: ప్లగ్గు, వైరు, వెనక ఎస్సెంపీఎస్ (లోపలికి కరెంటు పంచే డబ్బా) మీదుండే చిన్న స్విచ్, ఆ తర్వాత ఎస్సెంపీఎస్. సామాను దింపేటప్పుడు ఆ చిన్న స్విచ్‌కి చెయ్యి తగిలి ఆఫ్ అయిపోయిన కేసులు తన దగ్గరికి నెలకి ఒకటైనా వస్తాయన్నాడు. వాటికి డబ్బులు తీసుకోవడానికి తనకే మొహమాటమట. తిరిగి ఆగిపోతే ఎక్కడో షార్టు గానీ, ప్రాసెసర్ మీద వేడి లాగే హీట్‌సింక్ లేచిపోయి వేడెక్కిపోవడం గానీ అయ్యుండాలి. నాలాగా తిరుగుతూనే ఉండి బొమ్మ రాకపోతే ముందు అనుమానించాల్సింది ర్యామ్‌ని.

"బీప్ వస్తోందా?" అన్నాడు. రావట్లేదన్నాను. "మీ డబ్బాలో స్పీకర్ లేదేమో" అని మూత విప్పాడు.

లోపల ఉన్నది చెప్పాలంటే సిగ్గు. అరచేతెడు ధూళి, ఒక పెన్సిలు చెక్కు, నాలుగు బియ్యపు గింజలు. బస్తాకి ఆనుకుని వచ్చింది కదా, గాలి కన్నాల్లోంచి దూరాయి. "మాఉసీ, దీనికి అన్నప్రాసన కూడా చేశారా?" అన్నాడు. బయట అరుగు మీద పెట్టి బ్లోయర్‌తో ఊదాడు. పక్క కుట్టుమిషన్ల ఆయన తిట్టాడు.

తర్వాత అతను చేసిన పని చూశాకే నాకు గురి కుదిరింది. చిటికెన వేలంత బుల్లి స్పీకరు ఒకటి తెచ్చి బోర్డుకి తగిలించాడు. ర్యామ్ ముక్కలు రెండూ పీకేశాడు. ర్యామ్ లేకుండా ఆన్ చేశాడు. డబ్బా "బీఈఈప్... బీఈఈప్..." అని ఏడవడం మొదలెట్టింది.

"విన్నారా? ర్యామ్ లేదని అరుస్తోంది. అరవాలంటే ప్రాసెసర్ బతికుండాలి, బోర్డు బతికుండాలి. చచ్చిపోయిన బోర్డు అరవదు ఆంటీ."

18,500 కాగితం నా పర్సులోనే ఉంది. తీసి చూపించాను. చదివి, ఏమీ అనకుండా తిరిగిచ్చేశాడు. ఆ మొదటి కొట్టు గురించి ఒక్క మాట జారలేదు. అది నాకు నచ్చింది.

స్కూలు పిల్లల రబ్బరు ఒకటి తీసి, ర్యామ్ ముక్క అంచున ఉండే బంగారు రంగు పళ్ళని నెమ్మదిగా తుడిచాడు. నల్లగా మడ్డి వదిలింది. ఏళ్ళ తరబడి ఒకే చోట ఉన్నంతకాలం ఆ కొంచెం మడ్డితోనే కాంటాక్ట్ నడిచిపోతుందట. కుదుపులకి వెంట్రుకవాసి పక్కకి జరిగితే మడ్డి మధ్యకొచ్చి తగులు తెగిపోతుంది. ఒక ముక్క పెట్టి రెండు పక్కలా క్లిప్పులు టక్‌మనేదాకా నొక్కాడు. బొమ్మ వచ్చింది. దాన్ని తీసి రెండోది పెట్టాడు, బొమ్మ వచ్చింది. రెండూ కలిపి పెట్టాడు, వచ్చింది. ఒక్కొక్కటీ విడిగా ఎందుకని అడిగితే, రెండూ ఒకేసారి పెట్టి బొమ్మ రాకపోతే తప్పు ఎవరిదో తెలియదు కదా అన్నాడు.

హీట్‌సింక్‌కి నాలుగు మూలలా ప్లాస్టిక్ మేకులుంటాయి. వాటిలో ఒకటి పైకి లేచి ఉంది. అలాగే నడిపితే ప్రాసెసర్ వేడెక్కి కాసేపటికి ఆగిపోతుందని, మొత్తం తీసి, ఎండి సున్నంలా అయిపోయిన పేస్టు గీకేసి కొత్త పేస్టు రాసి బిగించాడు.

నేను లేవబోయాను. "కూర్చోండి, విండోస్ రానివ్వండి" అన్నాడు. మంచి పని చేశాడు. విండోస్ బొమ్మ సగం వచ్చి, నీలం తెర ఒకసారి మెరిసి, మళ్ళీ మొదటికొచ్చింది. మళ్ళీ అదే. నా గుండె జారిపోయింది. నీలం తెర అంటే ఫార్మాట్ అనే ఇన్నాళ్ళూ విన్నాను. ఫార్మాట్ అంటే ఫాంట్లు, ఏడు పెళ్ళిళ్ళు, ఇరవై ఏళ్ళ కార్డులు అన్నీ గోవింద.

అతను తెర మీద తేదీ చూపించాడు. 2012 జనవరి ఒకటి. నా కంప్యూటర్ పుట్టకముందు తేదీ.

బోర్డు మీద రూపాయి బిళ్ళలాంటి బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032 అంటారు, 3 వోల్టులది. కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నప్పుడు గడియారాన్నీ లోపలి సెట్టింగుల్నీ అదే కాపాడుతుంది. నాది ఎప్పుడో అయిపోయింది. మరి పాతపట్నంలో ఎందుకు తెలియలేదు? అక్కడ ప్లగ్గు ఏనాడూ పీకలేదు. ప్లగ్గులో ఉన్నంతసేపూ ఆఫ్‌లో ఉన్నా ఎస్సెంపీఎస్ కొంచెం కరెంటు పంపిస్తూనే ఉంటుంది, దాంతో గడియారం నడుస్తుంది. ఇల్లు మారడానికి మొదటిసారి ప్లగ్గు పీకాం. అంతే, తేదీతో పాటు సెట్టింగులూ చెరిగిపోయి ఫ్యాక్టరీవి వచ్చేశాయి. వాటిలో హార్డ్‌డిస్క్‌తో మాట్లాడే పద్ధతి ఒకటి. విండోస్ ఎక్కించిన నాడున్న పద్ధతి వేరు, ఇప్పుడు వచ్చి కూర్చున్నది వేరు. అందుకే నీలం తెర. బ్యాటరీ మార్చి, బయోస్‌లోకి, అంటే ఆ లోపలి సెట్టింగుల తెరలోకి, వెళ్ళి ఆ ఒక్క సెట్టింగు తిప్పాడు. ఈసారి విండోస్ వచ్చింది, నా డెస్క్‌టాప్ మీద వెంకటేశ్వరస్వామి కనిపించాడు. నిజంగానే దణ్ణం పెట్టుకున్నాను.

"చాలామంది ఇక్కడ ఫార్మాట్ కొట్టేస్తారు" అన్నాడు. అతను ఎవరి మీదైనా అన్న మాట ఇదొక్కటే.

బ్యాటరీ 40, పేస్టు 60, పని 200. మొత్తం 300. గాజు తలుపు కొట్లో చూసినందుకు ఇచ్చిన డబ్బుకి ఇక్కడ బాగయింది.

కథ ఇక్కడితో అయిపోతే అయిదు స్టార్లూ ఇచ్చేసి మూడు లైన్లలో ముగించేదాన్ని. ఇంటికి తెచ్చి, వైర్లన్నీ పెట్టి, బటన్ నొక్కాను. కరెంటు పోయినా కాసేపు నడిపే యూపీఎస్ కుయ్యిమని, టక్కుమని ఆరిపోయింది. ఈసారి ఫ్యాన్ కూడా తిరగలేదు.

మా ఆయన "చూశావా, ఏమీ చెయ్యకుండానే డబ్బులు తీసుకున్నాడు" అన్నారు. నాకూ అలాగే అనిపించింది. ఫోన్ చేశాను. ఎత్తలేదు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగున్నర దాకా ఆ మనిషి ఫోన్ ఎత్తడు, నాలుగున్నరకి ఎత్తాడు. నేను కాస్త గట్టిగానే మాట్లాడాను. అతను గొంతు పెంచలేదు. "నా దగ్గర నడిచి మీ దగ్గర నడవట్లేదంటే తేడా నా దగ్గర లేని వాటిలో ఉంటుంది. మీ వైరు, మీ యూపీఎస్, మీ ప్లగ్గు, ఈ మూడూ నేను చూడలేదు. చీకటి పడ్డాక వస్తాను, కిఛి హెబని మాఉసీ" అన్నాడు. ఏమీ కాదులే అని. తప్పయితే నాదే, మొదటిరోజే డబ్బాతో పాటు వైర్లు కూడా పట్టుకెళ్ళాల్సింది.

ఏడింటికి వచ్చాడు. చేతిలో వోల్టేజీ కొలిచే మీటరు, టెస్టరు, సొంత పవర్ కేబుల్ ఒకటి. ముందు కేబుల్ మార్చాడు, తేడా లేదు. తర్వాత యూపీఎస్ పక్కన పెట్టి సీపీయూని నేరుగా గోడ ప్లగ్గుకి పెట్టాడు. ఆన్ అయింది. ఇంతలో అవతల గదిలో ఫ్రిజ్ మొదలైంది, ఇవతల కంప్యూటర్ టప్‌మని ఆగి మళ్ళీ మొదలైంది.

అతను ఒక నిమిషం ఊరుకుని, "ఫ్రిజ్ ఆపండి... ఇప్పుడు పెట్టండి" అన్నాడు. మీటరు పుల్లలు ప్లగ్గులో పెట్టి నన్నే చూడమన్నాడు. ఫ్రిజ్ ఆగి ఉంటే 226. ఫ్రిజ్ మొదలవగానే 160కి పడిపోయి, నెమ్మదిగా 190 దాకా లేచింది. లైను సరిగ్గా ఉంటే అంత పడకూడదు, ఎక్కడో జాయింటు కాలిపోయి ఉంటుందన్నాడు. వోల్టేజీ పడ్డప్పుడల్లా యూపీఎస్ బ్యాటరీ మీదికి వెళ్తోంది. ఆ బ్యాటరీ ఎలా ఉందో విప్పి చూశాడు. 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ. బల్బు ఒకటి తగిలిస్తే 9కి జారిపోయింది. అది చచ్చి చాలా కాలమైందన్న మాట. పాతపట్నంలో కరెంటు బాగుండి బయటపడలేదు.

నా లేజర్ ప్రింటర్ కూడా ఆ యూపీఎస్‌కే తగిలించి ఉండడం చూసి తల పట్టుకున్నాడు. లేజర్ ప్రింటర్లో కాగితం మీద పొడిని కరిగించే రోలర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా బోలెడు కరెంటు లాగుతుంది. అది గోడ ప్లగ్గుకే ఉండాలి, యూపీఎస్‌కి ఎప్పుడూ పెట్టకూడదు. పన్నెండేళ్ళుగా నేను అలాగే పెడుతున్నాను, ప్రతి రెండేళ్ళకీ బ్యాటరీ మారుస్తూ కంపెనీవాళ్ళని తిట్టుకుంటున్నాను.

ఇంకోటి నేనే చెప్పాను. ఈ ఇంట్లో సీపీయూ ఇనపరేకుని ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోంది, చెప్పుల్లేకపోతే మరీనూ. అప్పుడు అతని మొహం మారింది. మీటరు ఒక పుల్ల రేకుకి, ఒకటి పెరట్లో కుళాయి గొట్టానికి పెట్టి చూశాడు. వంద దాటింది. ప్లగ్గు పైన పెద్ద కన్నం ఉంటుంది కదా, అది ఎర్త్. మా అత్తగారింట్లో కన్నమైతే ఉంది, దాని వెనక వైరే లేదు. ఎస్సెంపీఎస్‌లో ఉండే ఫిల్టరు కొంచెం కరెంటుని రేకులోకి వదులుతుంది, ఎర్త్ ఉంటే అది నేలలోకి పోతుంది, లేకపోతే రేకు మీదే ఉంటుంది. ఆ కొంచెం ప్రాణం తీయదట. కానీ రేపు లోపల ఏదైనా వైరు నిజంగా తెగి రేకుకి తగిలితే దాన్ని దింపేవాళ్ళుండరు, ముట్టుకున్న మనిషే ఎర్త్ అవుతాడు. "కంప్యూటర్ సంగతి తర్వాత. ఫ్రిజ్జూ గ్రైండరూ ఈ లైను మీదే కదా? అమ్మమ్మ గారు తడి చేతులతో ముట్టుకుంటారు" అన్నాడు.

ఇక్కడ అతను తెలివిగా తప్పుకున్నాడు. "ఇది నా పని కాదు, కరెంటు పని తెలిసినవాణ్ణి పిలవండి, ఇవాళ్టికి ఇది నడపకండి" అని, అయినా నా పెళ్ళిళ్ళ గోల విని, ఇంటి కరెంటు మీటరు దగ్గర కొత్తగా వేసిన ప్లగ్గు ఒకటుంటే అక్కడ వోల్టేజీ, ఎర్త్ రెండూ చూసి, వసారాలో ఆ ప్లగ్గు పక్కన బల్ల వేయించాడు. వారం రోజులు శుభలేఖలు చెప్పుల స్టాండు పక్కన కూర్చునే కంపోజ్ చేశాను. వచ్చినందుకు 150 తీసుకున్నాడు. యూపీఎస్ బ్యాటరీ మర్నాడు తెచ్చి వేశాడు, 950.

కరెంటు పని కథ వేరే, క్లుప్తంగా చెబుతాను. చెక్క బద్దీల మీద పాత వైరింగు మాది. హాల్లో దూలం పక్కన టేపు విప్పితే న్యూట్రల్ జాయింటు బొగ్గయిపోయి ఉంది. దాన్ని మార్చి, పెరట్లో గొయ్యి తవ్వి, ఉప్పూ బొగ్గూ వేసి ఎర్త్ గొట్టం దింపి, ఇంట్లోకి పచ్చ వైరు లాగారు. ఇప్పుడు ఫ్రిజ్ మొదలైనా ప్లగ్గులో 220 తగ్గట్లేదు. వోల్టేజీ చూసే మీటరు ఒకటి నేనూ కొనుక్కున్నాను, అత్తగారు దాన్ని "నాడి చూసే మిషను" అంటారు.

ఇక తగ్గించిన ఆ ఒక్క స్టారు సంగతి. ఒకటి, ఆ మధ్యాహ్నం ఫోను. కొట్టు పెట్టుకున్నవాడు మూడున్నర గంటలు మాయమైపోతే ఎలా? రెండు, చెప్పిన టైముకి ఇవ్వడు. నా తర్వాత ఇచ్చిన మా ఆడపడుచు గారి ల్యాప్‌టాప్ "రేపు" అని చెప్పి ఆరు రోజులు ఉంచాడు. మూడు, కొత్త సామాను అతని దగ్గర కొంచెం ఖరీదే. డేటా కాపీకి బయట తగిలించే హార్డ్‌డిస్క్ తీసుకోమంటే ధర కనుక్కుని బరంపురం వెళ్ళే మా తమ్ముడి చేత తెప్పించుకున్నాను, 400 తగ్గింది. అతనేమీ అనుకోలేదు, నా ఫాంట్లూ ఫైళ్ళూ అందులోకి కాపీ చేసిచ్చి 200 తీసుకున్నాడు. ఈ పాత మిషన్ని ఇంటర్నెట్‌కి కలపొద్దని, మెయిలూ బ్యాంకూ ఫోన్లోనే చూసుకోమని కూడా చెప్పాడు. పెన్‌డ్రైవ్‌తో ఫైళ్ళు మోసుకుంటున్నాను.

నాలుగు, బిల్లు ఇవ్వడు. అడిగితే సిగరెట్ పెట్టె అట్ట మీద రాసిచ్చాడు. బ్యాటరీకి ఏడాది వారంటీ అంటాడు, ఆ అట్ట ముక్క ఏడాది దాచాలి నేను. "ఏం బాబూ, కొట్టు పెట్టి ఎన్నేళ్ళయింది, ఒక బిల్లు పుస్తకం అచ్చు వేయించుకోలేవా?" అని అడిగాను. "ఎవరు వేస్తారు మాఉసీ, రెండు భాషల్లో?" అన్నాడు. నా సీపీయూ అతని బల్ల మీదే ఉంది అప్పుడు.

యాభై బిల్లుల పుస్తకాలు నాలుగు, కార్బన్ లేని కాగితం, పైన ఒడియా, కింద తెలుగు. ఈసారి తెలుగు కూడా ఒడియా సైజులోనే పెట్టాను. మొన్న ప్రూఫ్ తీసుకెళ్తే ఒడియాలో రెండు తప్పులు పట్టాడు. "సర్వీసు చార్జీ" అన్న చోట "చూసినందుకు" అని రాయమంటావా అని అడిగితే మొదటిసారి గట్టిగా నవ్వాడు. దిద్ది ఇవాళ మళ్ళీ పంపాలి. ఒంటిగంట లోపల వెళ్ళాలి, లేకపోతే నాలుగున్నర దాకా దొరకడు. ఆదివారం కొట్టు ఉండదు.